మనకంటూ ఒక గంట, ఒక చోటు

స్త్రీల మీద ఒక ఘోరం జరిగి పత్రికలకెక్కిన ప్రతిసారీ ఒక సలహా వినిపిస్తుంది: ఆడపిల్లలకు కరాటే నేర్పించండి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు సంఘటన తర్వాత విన్నాం. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగినప్పుడు మళ్లీ విన్నాం. నాలుగు రోజులు శిబిరాలు నడుస్తాయి. కాలు పైకెత్తిన అమ్మాయిల ఫోటోలు వస్తాయి. ఆ తర్వాత అంతా మామూలే.

స్త్రీల సంఘాలుగా మనం ఈ సలహాను మొదటినుంచీ అనుమానంగానే చూశాం. ఆ అనుమానం సబబైనదే. హింస చేసేవాణ్ణి ఆపాల్సిన బాధ్యతను ప్రభుత్వం మీదనుంచీ సమాజం మీదనుంచీ దించి, హింసకు గురయ్యే మనిషి భుజాల మీద పెట్టే గుణం అందులో ఉంది. 'నువ్వెందుకు ఎదురు తిరగలేదు' అని రేపు కోర్టులో అడగడానికి దారి కూడా అందులోనే ఉంది. ఇది ఊహించి భయపడుతున్న విషయం కాదు. మధుర కేసులో 1978లో సుప్రీంకోర్టు నిందితులైన పోలీసులను విడుదల చేస్తూ, ఆ ఆదివాసీ బాలిక ఒంటి మీద గాయాల గుర్తులు లేకపోవడాన్ని కారణాల్లో ఒకటిగా చూపింది. ఆ తీర్పు మీద దేశమంతటా లేచిన ఆందోళన వల్లనే 1983లో అత్యాచార చట్టం మారింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ ఒప్పుకున్నట్టు భావించకూడదన్న మాట చట్టంలోకి ఎక్కడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత చరిత్ర తెలిసిన మనం 'కొట్టడం నేర్చుకోండి' అనే మాట విన్నప్పుడు వెంటనే తల ఊపలేం.

నేనూ తల ఊపను. అయినా మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి తైక్వాండో నేర్చుకోవడానికి వెళ్తున్నాను. మొదలుపెట్టినప్పుడు నాకు నలభై ఏడేళ్లు. ఉద్యమంలోని మిత్రులు చాలామంది అడుగుతున్నారు, ఈ రెండిటికీ పొంతన ఎలా కుదిరిందని. ఈ సంచికలో వేరువేరు జిల్లాల కార్యకర్తలు ఆత్మరక్షణ శిబిరాల గురించి రాసిన వ్యాసాలున్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పడం బాగుంటుందనిపించింది.

క్లుప్తంగా చెప్పాలంటే నా జవాబు ఇది. భయంలోంచి పుట్టిన వారం రోజుల శిబిరం వేరు, ఎదిగిన స్త్రీలు ఏళ్ల తరబడి తమ కోసం చేసుకునే సాధన వేరు. మొదటిది మన భద్రత పేరుతో ప్రభుత్వం చేతులు దులుపుకునే పని. రెండోది మన కాలం మీద, మన చోటు మీద, మన ఒంటి మీద మనకున్న హక్కు. మొదటిదాన్ని విమర్శిస్తూనే రెండోదాన్ని గట్టిగా అడగాలని నా వాదన.

ముందు ఈ విద్య ఎక్కడిదో చెప్పాలి. మనకు కాలూ చెయ్యీ ఆడించే ప్రతి విద్యా కరాటేయే. తైక్వాండో కొరియాది. తై అంటే కాలితో కొట్టడం, క్వొన్ అంటే పిడికిలి, దో అంటే మార్గం. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాను పాలన కింద నలిగింది. స్వాతంత్ర్యం వచ్చాక సియోల్‌లో యుద్ధవిద్యా శాలలు తెరిచినవారిలో పలువురు జపాను కరాటే నేర్చుకున్నవాళ్లే. తమ దేశానికి తనదైన విద్య, తనదైన పేరు కావాలన్న పట్టుదలతో 1955లో ఈ పేరు పెట్టుకున్నారు. అందులో సైన్యాధికారి చొయ్ హాంగ్ హీ పాత్ర ముఖ్యమైనది. 1972లో సియోల్‌లో కుక్కివొన్ అనే కేంద్ర శిక్షణాలయం వెలిసింది. మరుసటేడు ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. 1988 సియోల్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా ఆడారు. 2000లో సిడ్నీలో పతకాల క్రీడ అయింది. ఆ మొదటిసారే మగవాళ్లకు నాలుగు విభాగాలు, స్త్రీలకు నాలుగు విభాగాలు. ఒలింపిక్ బాక్సింగులో స్త్రీలకు 2012 దాకా చోటే దొరకలేదన్నది దీనితో పోల్చి చూడాలి.

అంటే ఇది పరాయి పాలన నుంచి బయటపడిన దేశం తన ఆత్మగౌరవం కోసం కట్టుకున్న విద్య. అదే సమయంలో సైన్యంలో పెరిగిన విద్య. ఆత్మగౌరవమూ ఉంది, పై అధికారికి వంగడమూ ఉంది. ఈ రెండూ మా పేట కమ్యూనిటీ హాలు దాకా వచ్చాయి.

ఆ హాలు మునిసిపాలిటీది. సాయంత్రాలు పెళ్లిళ్లకు, సీమంతాలకు ఇస్తారు. పొద్దున ఐదూ ముప్పావు నుంచి ఆరూ ముప్పావు దాకా మాది. కొన్నిసార్లు ముందురోజు విందు తాలూకు ఎంగిలి విస్తళ్లు ఎత్తిపోసి, నేల కడిగి మొదలుపెడతాం. మాలో ఒక ఆశా కార్యకర్త ఉంది. కుట్టు మిషన్ల కంపెనీలో షిఫ్టు చేసే ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె, నాలుగిళ్లలో పనిచేసే ఆమె, బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు, అరవై ఒకటో ఏట చేరిన రిటైర్డు టీచరు ఉన్నారు. నేర్పే అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. మా అందరికీ ఆమె 'మేడం'. మేమందరం ఆమెకు 'అమ్మా', 'ఆంటీ'. క్లాసు మొదలయ్యాక మాత్రం ఎవరూ ఎవరికీ ఏమీ కాదు. బెల్టు రంగును బట్టి వరస. తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. బెల్టు పరీక్ష రోజున పిల్లల క్లాసుతో కలిపి నిలబెడితే, తొమ్మిదేళ్ల ఆకుపచ్చ బెల్టు కుర్రాడు నాకు ముందు వరసలో ఉన్నాడు. 'ఆంటీ, మడమ తిప్పాలి' అని వెనక్కి తిరిగి చెప్పాడు. వయసుకూ కులానికీ ఉద్యోగానికీ లేని గౌరవం నేర్చుకున్నదానికి ఇవ్వడం మన సమాజంలో ఎన్ని చోట్ల చూస్తాం?

మొదటి వారం మాకు ఒక నిలుచునే పద్ధతి నేర్పారు. దాని పేరు జుచుమ్ సొగి. పాదాలు భుజాల వెడల్పుకన్నా ఎక్కువ దూరం పెట్టి, మోకాళ్లు వంచి, గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడాలి. పదహారు మందిలో ఒక్కరికీ కాళ్లు దూరం జరగలేదు. మేడం వచ్చి పాదంతో మా పాదాలను పక్కకు నెట్టేది. ఆమె అటు వెళ్లగానే అవి మళ్లీ దగ్గరకు వచ్చేవి. చతికిలబడి గిన్నెలు తోమే మా మోకాళ్లకు వంగడం రాక కాదు. 'కాళ్లు దగ్గర పెట్టుకు కూర్చో' అని ఐదో ఏటనుంచీ విన్న మాట అది. పితృస్వామ్యం మెదడులో ఉందని మనం శిక్షణా తరగతుల్లో చెబుతుంటాం. తొడ కండరాల్లో కూడా ఉంటుందని ఆ వారం తెలిసింది.

తర్వాత గొంతు. ప్రతి దెబ్బ చివర ఊపిరి ఒక్కసారిగా వదులుతూ అరవాలి. దాన్ని కిహాప్ అంటారు. దమ్ము బిగబట్టకుండా ఉండడానికి, పొట్ట కండరాలు బిగుసుకోవడానికి, ఎదుటివాణ్ణి అదరగొట్టడానికి అది పనికొస్తుంది. నెలరోజుల దాకా మాలో ఎవరికీ అది రాలేదు. నవ్వు వచ్చేది, దగ్గు వచ్చేది. ధర్నాల్లో నినాదాలివ్వడంలో మా ఆశా కార్యకర్తను మించినవాళ్లు లేరు. ఆమెకూ రాలేదు. నాకూ రాలేదు. ఊరేగింపులో మన గొంతు వెనక వందమంది ఉంటారు. అక్కడ మనం ఒక డిమాండు కోసం, ఇంకొకరి కోసం అరుస్తాం. ఒంటరిగా నిలబడి, ఏ డిమాండూ లేకుండా, 'నేనిక్కడ ఉన్నాను' అని తప్ప ఇంకో అర్థం లేని అరుపు అరవడం వేరు. అది వచ్చిన రోజున హాలు పక్క ఇంటాయన కిటికీ తెరిచి చూశాడు. మరునాడు వార్డు కార్యాలయంలో ఫిర్యాదు చేశాడు. అదే హాల్లో అర్ధరాత్రి దాకా డీజే మోగినప్పుడు ఎవరూ ఫిర్యాదు చేసినట్టు మాకు తెలియదు.

కొట్టడం ఇంకా కష్టం. ఒకరు ప్యాడు పట్టుకుంటే ఇంకొకరు తన్నాలి. తన్నిన ప్రతిసారీ 'తగిలిందా వదినా', 'నొప్పి పుట్టిందా అక్కా' అని అడగడమే. తన్నకముందే క్షమాపణ అడిగేవాళ్లూ ఉన్నారు. మేడం ఒక నియమం పెట్టింది. పది తన్నులు పూర్తయ్యాకే ఆ ప్రశ్న అడగాలి, మధ్యలో అడిగితే లెక్క మళ్లీ హనా నుంచి. హనా, దుల్, సెత్, నెత్, దసొత్. కొరియా భాషలో ఒకటి నుంచి ఐదు. అడిగి అడిగి, లెక్క మళ్లీ మొదలుపెట్టి, ఒక ఉదయం యాభై దాకా తన్నినవాళ్లం ఉన్నాం.

ఈ పని మరో విషయాన్ని బయటకు తెచ్చింది. మాలో ఒకామె, ఎవరన్నది అనవసరం, ఎదుటివాళ్ల చెయ్యి పైకి లేస్తే చాలు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కిందికి కూర్చునేది. ఎందుకో ఎవరూ అడగలేదు, అందరికీ అర్థమైంది. రెండు నెలలపాటు మేడం ఆమెను ఎవరితోనూ తలపడనివ్వలేదు. గోడ దగ్గర ఒంటరిగా పూమ్‌సే చేయించింది. పూమ్‌సే అంటే ఎదురుగా ప్రత్యర్థి ఉన్నట్టు ఊహించుకుని వరసగా చేసే అడుగులూ దెబ్బలూ. మూడో నెలలో ఆమె తనంతట తానే వచ్చి ఎదురుగా నిలబడింది. పోరు మొదలుపెట్టడానికి 'సిజాక్' అంటారు, ఆపడానికి 'గుమాన్' అంటారు. గుమాన్ అనగానే కాలు గాలిలో ఉన్నా ఆపేయాలి. ఆ వేళ సాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆమె అన్న మాట ఇది: 'ఇక్కడ ఆపమంటే ఆపుతారక్కా.'

పదహారేళ్ల కాపురంలో ఆమెకు దొరకనిది ఆ ఒక్క నియమం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, పెళ్లయిన స్త్రీలలో భర్త చేతి హింసను ఎదుర్కొన్నవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఆ అంకెను మనం ఎన్నో సభల్లో చెప్పి ఉంటాం. ఆ అంకెలోని మనిషికి ఒక గంటపాటు తన మాటకు విలువ ఉండే చోటు చూపించగలిగామా అన్నది నన్ను వేధించే ప్రశ్న. ఆమె ఇప్పుడు రక్షణాధికారి ద్వారా గృహహింస చట్టం కింద కేసు వేసింది. తన్నడం నేర్చుకుంది కాబట్టి వేసిందని నేను చెప్పను. ఆమె వెంట కార్యాలయానికి మా క్లాసునుంచి నలుగురు వెళ్లారు. అది కూడా సాధనలో భాగమే అనుకుంటాను.

వయసు గురించి దాచేదేమీ లేదు. మోకాళ్లు నొప్పి పుడతాయి. ఇరవై ఏళ్ల పిల్ల కాలు తలదాకా లేస్తే నాది నడుము దాటదు. ఒళ్లు వేడెక్కడానికి పిల్లలకు ఐదు నిమిషాలు చాలు, మాకు ఇరవై కావాలి. తెల్ల ప్యాంటు వేసుకోవడానికి నెలలో ఐదు రోజులు భయపడేవాళ్లున్నారు. ముట్లుడిగే వయసులో ఎప్పుడు వస్తుందో తెలియక నెలంతా భయపడేవాళ్లున్నారు. ఆ రోజుల్లో నల్ల ప్యాంటు వేసుకోవచ్చని మా మేడం అంది. ఈ చిన్న వెసులుబాటు వల్ల ముగ్గురు మానకుండా నిలిచారు. పూమ్‌సేలో ప్రపంచ పోటీలకు వయసుల వారీగా విభాగాలున్నాయి, అరవై ఐదు దాటినవాళ్లకూ ఉంది. మేమెవరం ఆ పోటీలకు వెళ్లం. కానీ ఈ వయసులో ఒళ్లు ఇంకా నేర్చుకోగలదని ఎక్కడో ఎవరో గుర్తించారన్న సంగతి మా రిటైర్డు టీచరుకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

మొదట చేరినవాళ్లం ఇరవై ఇద్దరం. ఇప్పుడు పదముగ్గురం. మానేసినవాళ్లలో మోకాళ్ల నొప్పితో మానేసింది ఒక్కరే. మిగతావాళ్లు ఎందుకు మానేశారు? ఒకరింట్లో పొద్దున్నే నీళ్లు వస్తాయి, పట్టేవాళ్లు లేరు. ఒకరి అత్తగారు 'కొట్లాట నేర్చుకుని ఎవణ్ణి కొడతావు' అని రోజూ సాధించింది. ఒకరికి షిఫ్టు మారింది. ఇంకొకరి భర్త నోరెత్తి వద్దనలేదు, పొద్దున టీ లేదని మాత్రం ప్రతిరోజూ గుర్తుచేశాడు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు గడిపేది 97 నిమిషాలు. మా క్లాసుకు కావలసింది అరవై నిమిషాలు. ఆ అరవై నిమిషాల కోసం ప్రతి ఇంట్లో జరిగిన తగాదా, నా దృష్టిలో, హాల్లో నేర్చుకున్న ఏ విద్యకన్నా తక్కువది కాదు.

ఇక వంగడం గురించి. క్లాసు మొదట్లోనూ చివరా 'చర్యొత్', 'క్యొంగ్‌న్యె' అని కేక వేస్తారు. నిటారుగా నిలబడి గురువుకు తల వంచాలి. వినయానికి నాకు అభ్యంతరం లేదు. తర్వాత గురువు మాకు తిరిగి తల వంచుతుంది, మేం ఒకరికొకరం వంచుతాం. కానీ ప్రశ్నించకుండా వినడం గొప్ప గుణమని నేర్పే ఏ చోటయినా స్త్రీలకు ప్రమాదకరమే. ఇదే కొరియాలో 2019 జనవరిలో, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఒక స్కేటింగ్ క్రీడాకారిణి, తనకు చిన్నతనం నుంచీ నేర్పిన కోచే తనపై లైంగిక హింస చేశాడని ఆరోపించిన సంగతి బయటపడి దేశాన్ని కదిపింది. 2021లో కోర్టు అతనికి జైలుశిక్ష వేసింది. స్త్రీల సంఘాల పోరాట ఫలితంగా లైంగిక హింస మీద ప్రత్యేక చట్టం 1994లోనే చేసుకున్న దేశం అది. మన దేశంలో 2023 జనవరిలో మహిళా మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. తమ సమాఖ్య అధ్యక్షుడి మీద ఫిర్యాదు నమోదు కావడానికే ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ప్రపంచ పతకాలు గెలిచిన బలమైన శరీరాలవి. బలం ఉన్నంత మాత్రాన అధికారాన్ని ఎదిరించడం సులువు కాదని వాళ్లను చూసి తెలుసుకోవాలి.

అందుకే ఒక విషయం మన కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం క్రీడా సంస్థలకు, స్టేడియాలకు, శిక్షణ జరిగే చోట్లకు వర్తిస్తుంది. ఫిర్యాదు చేయడానికి అక్కడ ఉద్యోగినే కానవసరం లేదు. పదిమంది ఉద్యోగులున్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న శిక్షణ కేంద్రమైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఏ ఆత్మరక్షణ శిబిరాన్నయినా మన సంఘం తరఫున పెట్టే ముందు, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గోడ మీద రాసి పెట్టాలి.

ఆత్మరక్షణకు ఈ విద్య నిజంగా పనికొస్తుందా? ఈ ప్రశ్న నన్నందరూ అడుగుతారు. సూటిగా చెప్పాలి. చీకటి సందులో ముక్కూ మొహం తెలియనివాడు మీద పడడమే హింస అనుకుంటే కొంత పనికొస్తుంది. కానీ మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మేనమామ, పొరుగువాడు, మేస్త్రీ, ప్రేమిస్తున్నానన్నవాడు. తన్నడానికి ముందు, 'ఇతను చేస్తున్నది తప్పు' అని మనసు ఒప్పుకోవాలి. మర్యాద పోతుందేమో, అతను నొచ్చుకుంటాడేమో అన్న సంకోచం దాటాలి. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు, మొత్తం పన్నెండు గంటల శిక్షణ. అందులో దెబ్బలు కొంత భాగం మాత్రమే. తెలిసినవాడినుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తించడం, గట్టిగా వద్దని చెప్పడం, తన కోరికలేమిటో తాను తెలుసుకోవడం మిగతావి. ఏడాది తర్వాత చూస్తే, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 9.8 శాతం మంది అత్యాచారానికి గురికాగా, శిక్షణ పొందినవాళ్లలో అది 5.2 శాతం. దాదాపు సగం తగ్గింది. మిగిలిన సగం కూడా మనకు చెప్పేదుంది. హింస చేసేవాళ్లు మారకుండా ఏ శిక్షణా దాన్ని సున్నా చేయలేదు.

శిబిరాల్లో చట్టం కూడా చెప్పరు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. 2024 జులై 1కి ముందు శిక్షాస్మృతిలో అవి 96 నుంచి 106. అత్యాచారం చేయాలని, ఎత్తుకుపోవాలని, యాసిడ్ పోయాలని మీదికొచ్చినప్పుడు ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్తుందని 38వ సెక్షను చెబుతుంది. కానీ రక్షణకు అవసరమైనంతే కొట్టాలని, ప్రమాదం గడిచాక కొడితే అది నేరమవుతుందని కూడా చట్టం అంటుంది. దెబ్బతోపాటు ఈ హద్దు కూడా నేర్పకపోతే మన అమ్మాయిలను మనమే కేసుల్లో ఇరికించినట్టవుతుంది.

మరి ఏం అడగాలి? పాఠశాలల్లో సమగ్ర శిక్ష కింద ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. అది సక్రమంగా జరిగేలా చూడడం ఒక పని. కానీ బడి దాటిన స్త్రీకి, బడికే వెళ్లని స్త్రీకి ఏముంది? ప్రతి వార్డులో, ప్రతి మండల కేంద్రంలో ప్రభుత్వ హాలు గానీ బడి వరండా గానీ రోజుకు ఒక గంట స్త్రీల సాధనకు ఉచితంగా కేటాయించాలి. అది తైక్వాండో కావచ్చు, కర్రసాము కావచ్చు, కబడ్డీ కావచ్చు. స్త్రీలనే శిక్షకులుగా నియమించి నెల జీతం ఇవ్వాలి. మా మేడంకు మేమిచ్చే నెలసరి ఫీజు తప్ప వేరే ఆదాయం లేదు. దీపాలు, గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి, చంటిపిల్లలను కూర్చోబెట్టుకునే మూల ఉండాలి. వికలాంగులైన స్త్రీలకు కూడా అందులో చోటుండాలి. అది కుదరని పనేమీ కాదు. పారాలింపిక్స్‌లో తైక్వాండోను మొదటిసారి చేర్చిన టోక్యో క్రీడల్లో, 2021లో, హర్యానా అమ్మాయి అరుణా తన్వర్ మన దేశం తరఫున ఆడింది.

ఇవన్నీ పెద్ద ఖర్చుతో కూడిన డిమాండ్లు కావు. ఉన్న హాలుకు తాళం తీయమనడమే. అయినా సులువుగా ఇవ్వరు. ఆడవాళ్ల భద్రతకు నిధులు అడిగితే కెమెరాలు ఇస్తారు, పోలీసు వాహనాలు ఇస్తారు. అవీ కావాలి. కానీ అవన్నీ మనల్ని ఎవరో ఒకరు చూస్తూ ఉండే ఏర్పాట్లు. ఎవరూ కాపలా కాయకుండా, ఎవరికీ వండిపెట్టకుండా, చెమట పట్టేదాకా మన ఒంటితో మనం గడిపే గంటను ఏ పథకంలోనూ రాయలేదు.

జిల్లా కమిటీలకు ఒక విన్నపం. వచ్చే మూడు నెలల్లో మీ ప్రాంతంలో ప్రభుత్వ హాళ్లు ఎన్ని ఉన్నాయో, వాటి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో, పొద్దునా సాయంత్రం ఎంతసేపు ఖాళీగా ఉంటాయో రాసి పంపండి. మీ సభ్యుల్లో ఎంతమంది రోజుకు ఒక గంట బయటికి రాగలరో, రాలేనివాళ్లను ఇంట్లో ఏది ఆపుతున్నదో కూడా అడిగి రాయండి. ఆ వివరాలతో వినతిపత్రం తయారుచేసి రెండు రాష్ట్రాల క్రీడా శాఖలకూ మునిసిపల్ శాఖలకూ ఇద్దాం. ఈలోగా ఎక్కడైనా పదిమంది కలిసి మొదలుపెట్టగలిగితే మొదలుపెట్టండి. గొంతు రావడానికి నెల పడుతుంది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే కంగారు పడకండి, ఆ కాగితం కాపీ మాకు కూడా పంపండి.